సాపు చేసిన ఫోటో

మా అన్నయ్యది ఫోటో స్టూడియో. ఇంటి ముందుగదే దుకాణం. తల దువ్వుకోవడానికి ఒక అద్దం, చొక్కా సరిచూసుకోవడానికి ఒక నిలువుటద్దం, గోడకు తెల్లగుడ్డ, దాని ముందు ఒక స్టూలు. అద్దాలకు కొదవలేని ఆ ఇంట్లో అన్నయ్య కూతురు, నా మేనకోడలు మాత్రం ఏ అద్దం ముందూ నిలబడేది కాదు. పదహారు నిండేసరికి నుదురూ బుగ్గలూ గడ్డమూ మొటిమలతో ఎర్రగా పొక్కిపోయాయి. జుట్టు మొహం మీదకు లాక్కుని, తల వంచుకుని గోడ వారగా నడిచేది. వదిన పోయాక దాన్ని పెంచింది నేనే.

సలహాలకేం కరువు? పక్కింటి టైలరమ్మ టూత్‌పేస్టు రాయమంది. ఫోటోకొచ్చిన ఒకాయన, ముక్కూ మొహం తెలియని మనిషి, నిమ్మకాయ రుద్దితే వారంలో పోతాయన్నాడు. "ఫోటో దిగి మీ దారిన మీరు వెళ్లండి బాబూ" అన్నాను. నా బుగ్గల మీద గుంటలున్నాయి. చిన్నప్పుడు మా అమ్మ నిమ్మరసం రుద్ది, గిల్లి, పిండి, ప్రేమగా చేసిన వైద్యం తాలూకు గుర్తులవి. అలాంటి ప్రేమను నా మేనకోడలి జోలికి రానివ్వనని ఒట్టు పెట్టుకున్నాను.

నా వైద్యంలో గొప్పేమీ లేదు. పొద్దునా రాత్రీ గోరువెచ్చటి నీళ్లతో, వాసన లేని సబ్బుతో మొహం కడుక్కోవాలి. రుద్దకుండా మెత్తటి తువాలుతో అద్దుకోవాలి. దిండు గలీబు మాసేదాకా ఉంచకూడదు. తలనూనె నుదుటి మీదకు దిగకుండా జుట్టు వెనక్కి కట్టుకోవాలి. మంట పుట్టిన చోట గుడ్డలో చుట్టిన ఐసు ముక్క, ఒంటికి పడితే కాస్త కలబంద గుజ్జు. అన్నిటికంటే కష్టమైనది, చెయ్యి మొహం మీదకు పోకుండా చూసుకోవడం. చదువుతూ చదువుతూ ఉండగా దాని వేళ్లు గడ్డం మీదకు పాకేవి. "చెయ్యి!" అని వంటింట్లోంచే అరిచేదాన్ని.

"నీకు గోడల్లోంచి కూడా కనిపిస్తుందా అత్తా?" అనేది.

"నీ విషయంలో నాకు ఒళ్లంతా కళ్లే."

తగ్గాయా అంటే తగ్గాయి, పూర్తిగా కాదు. కొత్తవి రావడం మందగించింది, పాతవి మచ్చలుగా మిగిలాయి. ఇంకా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నాం. ఆలోగా దాని మనసు కాస్త కుదుటపడింది. నవ్వేటప్పుడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేసింది. నర్సు ట్రైనింగుకు ప్రవేశ పరీక్ష రాస్తానంది. "రోగులు నా మొహం చూసి భయపడరు కదా అత్తా?" అని అడిగింది. "సూది చూసి భయపడతారు గానీ నీ మొహం ఎవరు చూస్తారే" అన్నాను. పగలబడి నవ్వింది. ఎన్నాళ్లకు విన్నానో ఆ నవ్వు! వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఇక అన్నయ్య పని సంగతి. ఫోటో తీయడం క్షణంలో అయిపోతుంది, అసలు పనంతా తర్వాత కంప్యూటరు ముందే. మచ్చ మీద బాణం పెట్టి నొక్కుతాడు, మచ్చ మాయం. మొటిమ, గాటు, కళ్ల కింద నలుపు, ఏదీ మిగలదు. దాన్ని సాపు చెయ్యడం అంటాడు. ఎవరూ అడగకపోయినా చేస్తాడు. సాపు చెయ్యని ఫోటో ఇవ్వడమంటే బొత్తాలు కుట్టని చొక్కా ఇచ్చినట్టే ఆయనకు.

దరఖాస్తుకు ఫోటో కావలసి వచ్చింది. కెమెరా అంటే పారిపోయే పిల్ల ఆ రోజు జుట్టంతా వెనక్కి బిగించి కట్టుకుని, తనంతట తానే వెళ్లి స్టూలు మీద కూర్చుంది. "నాన్నా, ఏమీ చెయ్యకు. ఉన్నది ఉన్నట్టు ఉంచు" అంది. అన్నయ్య తల ఊపాడు. ఫోటో తీసి, దరఖాస్తు కూడా తనే కంప్యూటరులో పంపించాడు.

పరీక్షకు నేను తోడు వెళ్లాను. హాల్‌టికెట్టు ప్రింటులో ఫోటో నల్లగా అలికేసినట్టు ఉంది, కళ్లూ ముక్కూ తప్ప ఏమీ తెలియడం లేదు. గేటు దగ్గర బల్ల ముందు కూర్చున్న ఆవిడ కంప్యూటరులో నంబరు కొట్టగానే అదే ఫోటో తెర మీద రంగుల్లో, పెద్దగా వచ్చింది. నున్నటి బుగ్గలు. వాటి మీద ఒక్క చుక్క లేదు.

ఆవిడ తెరను చూసింది, పిల్లను చూసింది, మళ్లీ తెరను చూసింది. "ఇదెవరమ్మా? మీ అక్కా?"

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండింది. "దానిదేనమ్మా ఫోటో. వాళ్ల నాన్నే తీశాడు" అన్నాను.

"మీరు పక్కకుండండి. ఒకరి బదులు ఒకరొచ్చి రాస్తే మా ఉద్యోగాలు పోతాయి" అని ఆవిడ పై అధికారిని పిలిచింది. ఆయన తెరను పిల్ల మొహం పక్కకు తిప్పి, రెండింటినీ మార్చి మార్చి చూశాడు. చెడ్డవాడేం కాదు, గొంతు మెత్తగానే ఉంది.

"భయపడకు. ఈ ఫోటోలో ఉన్నది నువ్వేనా? అవునని చెప్పి సంతకం పెట్టు, లోపలికి పంపిస్తాను."

ఒక్క మాట చెబితే చాలు. "చెప్పవే" అన్నాను. అది తెరవైపే చూస్తూ ఉండిపోయింది. తండ్రి సాపు చేసిన ఫోటోను అప్పుడే మొదటిసారి చూస్తోంది. కోపం తెచ్చుకుంటుందేమో, తెచ్చుకుంటే బాగుండుననుకున్నాను. కోపం రాలేదు.

"కాదండీ" అంది. "అది నేను కాదు."

వెనక్కి తిరిగి నడిచింది. అధికారి పిలుస్తూనే ఉన్నాడు. నేను పరిగెత్తి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. బస్సులో తిట్టాను, బతిమాలాను. అది జుట్టు విప్పేసుకుని కిటికీవైపు తిరిగి కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి అన్నయ్య ఎవరిదో ఫోటో సాపు చేస్తున్నాడు. గుమ్మంలోంచే అందుకున్నాను. "ఏమీ చెయ్యకని అది నోరు విడిచి అడిగిందా లేదా? నీ చేతులు ఊరుకోవా?" జరిగిందంతా చెప్పాను.

అన్నయ్య కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "ఊరందరికీ చేస్తాను కదే. సొంత కూతురికి ఎలా వదిలేస్తాను? కాస్త బాగుంటుందని..." కూతురివైపు తిరిగాడు. "వచ్చే ఏడు మళ్లీ రాద్దువుగాని తల్లీ. ఈసారి ముట్టుకోను, ఒట్టు."

పిల్ల గొంతు పెంచలేదు. "నాన్నా, ఒకటడుగుతాను. నేను ఆ ఫోటోలోలాగా ఉంటే నీకు బాగుండేదా?"

అన్నయ్య వెంటనే జవాబు చెప్పలేదు. ఎంతో సేపు కాదు, గుటక మింగేంత సేపు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. ఆ తర్వాత "అదేం మాటమ్మా, లేదు" అన్నాడు. అప్పటికే ముగ్గురికీ తెలిసిపోయింది.

అది మెల్లగా తల ఊపింది.

"నాకూ అదే అనిపించింది నాన్నా. ఆ అమ్మాయే బాగుంది" అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.