హీరోగారి ఒంటి తుమ్ము

డబ్బింగ్ మాటలు రాసి బతకడం కన్నా బందరు కాలువ గట్టున బజ్జీలు వేసుకోవడం మేలని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఈ సినిమా చేసినన్నాళ్ళూ రోజూ అనిపించింది.

మా యూట్యూబ్ ఛానల్ ఓనరు రామకోటేశ్వరరావుగారిది ఉయ్యూరు. చెరుకు మీద సంపాదించి సినిమాల మీద పడ్డారు. ఛానల్లో మొదటి బొమ్మగా, అణుబాంబుల కొత్తలో అమెరికావాళ్ళు చవగ్గా చుట్టేసిన నలుపు తెలుపు కామెడీ ఒకటి తెచ్చారు. హీరో పాలు పోసేవాడు. ప్రయోగశాలలో పాలు పోయడానికి వెళ్ళి, దాహమేసి ఏవో అణు నీళ్ళు తాగేస్తాడు. అప్పట్నుంచి అతను తుమ్మితే చాలు, ఊళ్ళో బల్బులన్నీ వెలుగుతాయి. మొత్తం కథ అంతే. హీరోకి మాటలు తక్కువ, తుమ్ములు ఎక్కువ.

ఆ తుమ్ముల కోసమే గుణదల నుంచి జాన్‌బాబుగారిని పిలిపించాను. పాపం, ఇన్నేళ్ళుగా గుంపులో "పట్టుకోండి, కొట్టండి" అని అరవడమే తప్ప ఒక్క పాత్రకి గొంతిచ్చి ఎరగరు. హీరో అనగానే ఇంటికి ఫోన్ చేసి భార్య సంపూర్ణమ్మగారికి చెప్పేశారు. భవానీపురంలో మా స్టూడియో గదిలో ఆయన తుమ్ముతుంటే నేను నవ్వలేక కుర్చీలో కూలబడ్డాను. భయం తుమ్ము వేరు, సిగ్గు తుమ్ము వేరు. హీరో మనసుపడ్డ పిల్ల తండ్రి ఎదురుపడ్డప్పుడు సగం మింగేసిన తుమ్మైతే చెప్పనే అక్కర్లేదు.

ఓనరుగారు విన్నారు. నవ్వలేదు.

"ఇదేంటమ్మా శ్రీదుర్గా, అన్నీ ఒంటి తుమ్ములే?"

"సినిమాలో అలాగే ఉందండీ."

"కొత్త ఛానల్ ఒంటి తుమ్ముతో మొదలెడతామా? రెండేసి తుమ్మించు. జంట తుమ్ముకి దోషం లేదు."

"రెండోదానికి హీరో నోరు మూసుకునుంటాడండీ!"

"మాకు శకునాల్లేవండీ," అన్నారు జాన్‌బాబుగారు, సర్దిచెప్పబోతూ.

"పెట్టుబడి నాది జాన్‌బాబూ. శకునమూ నాదే."

సరే, రెండేసి తుమ్మించాం. తెర మీద హీరో పెదాలు బిగించుకుని ఉంటాడు, ఎక్కడినుంచో ఇంకో తుమ్ము వినిపిస్తుంది. నాకు జుట్టు పీక్కోవాలనిపించింది. ఓనరుగారికీ నచ్చలేదు. ఎవరినడిగారో ఏమో, మర్నాడు తీర్పు పట్టుకొచ్చారు.

"తుమ్ములు ఆ అమెరికావాడివే ఉంచెయ్యమ్మా. దోషం ఏదన్నా ఉంటే వాడికే పోద్ది. మనవాడు తుమ్మకపోతే చాలు."

గొంతు పోయేలా వాదించాను. జాన్‌బాబుగారికి ఇంకేం మిగిలిందని నేనంటే, మాటలున్నాయిగా అన్నారు ఓనరుగారు. ఏం మాటలు? "పాలండీ", "అయ్యబాబోయ్", "నేను కాదండీ". ఆ మాటలు ఎవరు చెప్పినా ఒకటే.

సినిమా విడుదలైన సాయంత్రం సంపూర్ణమ్మగారు ఫోన్ చేశారు. వీధిలోవాళ్ళందరినీ పిలిచి టీవీలో పెట్టారట.

"నవ్వలేక చచ్చామండీ! మాటల సంగతేమో గానీ, ఆ తుమ్ములున్నాయి చూడండి, కళ్ళు మూసుకుని చెప్పేస్తాను, అచ్చం మా ఆయనవే. ఇన్నేళ్ళ కాపురం, నాకు తెలీదా?"

నాకు ఓనరు మీద పట్టరాని కోపం వచ్చింది. ఆమెకి నిజం చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

"ఆయనవేనండీ," అన్నాను.

ఫోను చేతులు మారింది. వెనక పిల్లల గోల. జాన్‌బాబుగారు బయటికి వచ్చారు కాబోలు, గోల తగ్గింది.

"మేడం, పిల్లలు మళ్ళీ తుమ్మమంటున్నారు," అన్నారు చిన్నగా. "ఆ అమెరికా ఆయన ఎలా తుమ్ముతాడో కాస్త చెబుతారా?"