పద్మనాభన్ కడుపులోని మందు

తంగమ్మ ఇత్తడి గొట్టం ఒక కొనను పద్మనాభన్ బొడ్డు పక్కన ఆనించింది. రెండో కొన నోట్లో పెట్టుకుని మూడుసార్లు గట్టిగా పీల్చి, నీళ్ళు పోసిన పళ్ళెంలో తుపుక్కున ఉమ్మింది. కుంకుడు గింజంత నల్లటి ముద్ద ఒకటి నీళ్ళలో తేలింది.

"చూసుకోండి. పెట్టి ఏడెనిమిదేండ్లయి ఉంటాది. పేగుకు అంటుకోని నెత్తురు తాగతా ఉండాది," అంది.

మొగుణ్ణి చెప్పుచేతల్లో ఉంచుకోవాలని ఆడది అన్నంలో కలిపి పెట్టేదే పెట్టుమందు. అది అరగదట. ముద్దకట్టి మనిషిని లోపలినుంచి తినేస్తుందట. దాన్ని తీయాలంటే తంగమ్మలాంటివాళ్ళే రావాలట. గుడియాత్తంలో ఈ సంగతి తెలియని పిల్లలు కూడా లేరు. నూలు అంగడి పద్మనాభన్ పెండ్లయిన తొమ్మిదేండ్లలో పెండ్లాం మాటకు ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. ఇప్పుడు తెల్లగా పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడు. ఇక పెట్టిందెవరని వీధిలో ఎవరూ అడగనే లేదు.

ఆ పెండ్లాం అమ్మణి వంటింటి గడపలో నిలబడి పళ్ళెంలోకి చూసింది. చింతపండు పీచు, నాలుగు వెంట్రుకలు, కాస్త మసి. తంగమ్మ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఆమె ఎడమ దవడ ఉబ్బెత్తుగా ఉంది. ఇప్పుడు లేదు. అక్కడ ఉన్న ఏడుగురిలో ఒక్కరి కంటికీ అది ఆనలేదు. అమ్మణికి కోపం కూడా రాలేదు. కోపం రావడానికైనా ఎదుటివాళ్ళలో కొంచెం సరుకు ఉండాలి.

"ఇంక నా కొడుక్కు ఒళ్ళు కుదురుకోనీ," అంది అత్త సరసమ్మ. "ఇది మేల్పాడికి, వాళ్ళమ్మ ఇంటికి పోవాల్సిందే. చిన్నమణి మాత్రం ఇక్కడే ఉంటాది. ఆడబిడ్డకు గూడా ఈ విద్య నేర్పించనీను."

కూతురు చిన్నమణికి ఆరేండ్లు. ఈ మాట తన మీదనుంచి తుడుచుకోకపోతే ఇల్లు పోతుంది, బిడ్డా పోతుంది. ఇల్లు పోతే పోనీ అనుకుంది అమ్మణి. రెండోదాని గురించి అట్లా అనుకోలేకపోయింది.

మూడో రోజు పద్మనాభన్ బావి దగ్గర కండ్లు తిరిగి పడ్డాడు. రెండు నెలలుగా అతనికి విరేచనం తారులాగా నల్లగా అవుతోందని అమ్మణికి తెలుసు. మందు బయటికి వచ్చినా మనిషి పడిపోయాడంటే జబ్బు వేరే ఉందని, వేలూరు పెద్దాస్పత్రికి పోవాలని పట్టుబట్టింది. సరసమ్మ కూడా బయలుదేరింది. కొడుకు మీద బెంగతో కాదు, దారిలో కోడలు ఇంకో మోతాదు పెట్టకుండా కాపలా కాయడానికి.

డాక్టరు ధర్మలింగం మొదట ఒక రబ్బరు గొట్టం మింగించి, పద్మనాభన్ కడుపులోని రసం బయటికి లాగాడు. పరీక్ష చేసి, "కడుపులో ఉండాల్సినంత పులుపు లేదు," అన్నాడు.

"రోజూ చింతపులుసే గదా సామీ మేం తినేది," అంది సరసమ్మ.

డాక్టరు ఎక్స్‌రే గదికి చీటీ రాశాడు. ఆస్పత్రికి ఎక్స్‌రే వచ్చి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. సున్నపునీళ్ళలాంటి తెల్లటి మందు ఒక గ్లాసెడు తాగించి, చీకటిగదిలో పద్మనాభన్‌ను అటూ ఇటూ పొర్లించి, పొట్ట నొక్కి పటాలు తీశారు. సరసమ్మ ఖాళీ గ్లాసు తెప్పించుకుని వాసన చూసింది.

మర్నాడు డాక్టరు ఆ పటాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాడు. పెనం మీద వంకరగా పోసిన దోసెపిండిలాగా కడుపు తెల్లగా కనబడింది. దాంట్లో నాలుగు చోట్ల పిండి పడనట్టు గుండ్రటి ఖాళీలు.

"తిన్నది ఏదన్నా అక్కడ నిలబడి ఉంటే, పొర్లించినప్పుడు కదిలిపోతాదమ్మా. ఇవి కదల్లేదు. లోపలి పొర మీద పులిపిర్లు మొలిచినట్టు మొలిచినాయి. వీటినుంచే నెత్తురు కారతా ఉండాది."

"చెడ్డవా?" అని అడిగింది అమ్మణి.

"కోసి తీసి, భూతద్దం కింద చూస్తేగాని చెప్పలేను."

కోశారు. నాలుగూ వచ్చాయి. అన్నిటికంటే పెద్దది నేరేడుపండంత ఉంది, చిన్న కాడతో సహా. వాటిని మందునీళ్ళ సీసాలో వేసి పెట్టారు. పది రోజుల తరువాత డాక్టరు మంచం దగ్గరికి వచ్చి, పుట్టకురుపు కాదని, చెడ్డ జాతి గడ్డలు కావని, వీటిని పాలిప్‌లంటారని, ప్రాణానికి భయం లేదని చెప్పాడు. అమ్మణి గోడకు ఆనుకుని కాసేపు కండ్లు మూసుకుంది. తరువాత కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

"డాక్టరుగారూ, ఇవి ఎవరో అన్నంలో పెడితే వచ్చేవి కావని మా అత్తకు ఒక మాట చెప్పండి."

"అన్నంలో పెడితే ఎట్లా వస్తాయమ్మా? ఇది ఆయన ఒంటి కండే."

"మరి దేనివల్ల వస్తాయి సామీ?" అంది సరసమ్మ మహా వినయంగా.

ధర్మలింగం నిజాయితీపరుడు. "ఎందుకు వస్తాయో మాకూ ఇంకా తెలీదు," అన్నాడు.

సరసమ్మ కోడలివైపు తిరిగింది. "విన్నావా? తెలీదంట. తీసినోడికి పెట్టినోళ్ళు ఎట్లా తెలుస్తారు, పాపం. తంగమ్మకు ఒకటి చిక్కినాది, ఈయనకు నాలుగు. మొత్తం అయిదేనా, ఇంకా ఉండాయా?"

డాక్టరు అప్పటికే పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంత చదువుకున్నవాడికి, సరసమ్మలాంటివాళ్ళ చేతికి నిజాన్ని ఎంతవరకు ఇవ్వాలో తెలియలేదే అనుకుంది అమ్మణి.

కాట్పాడిలో రైలెక్కాక పద్మనాభన్ కిటికీ పక్కన కూర్చున్నాడు. పెదవులకు కాస్త రంగు వచ్చింది. తల్లి కునుకు తీసేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"అమ్మణీ, అయిందేదో అయిపోయినాది. నా మీద ఆశతోనే గదా పెట్టినావు. నేను మనసులో పెట్టుకోను. నిన్ను పంపొద్దని అమ్మకు చెప్పినాను."

"నేను పెట్టలేదు."

"సరేలే," అన్నాడు, జ్వరంలో పలవరించేవాళ్ళతో అన్నట్టు. తన మంచితనం ఇంకెవరైనా విన్నారేమోనని పెట్టె అంతా ఒకసారి కలయజూశాడు. ఈ మనిషిని కట్టిపడేయడానికి ఎవరైనా మందు దండగ చేస్తారా అనిపించింది ఆమెకు.

ఇంట్లో కొత్త ఏర్పాటు జరిగింది. వండిన ప్రతిదీ సరసమ్మ చూస్తుండగా అమ్మణి ముందు ఒక ముద్ద తినాలి, తరువాతే వడ్డన. రెండు రోజులు తిన్నది. మూడో రోజు గరిటె కడిగి బోర్లించి, తన చేతికి భయపడేవాళ్ళకు తను వండనని చెప్పేసింది. సరసమ్మ చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. పద్మనాభన్ మారు మాట్లాడకుండా తాగాడు.

ఆ వారంలోనే ఆడబిడ్డ పుష్పవతి అన్నను చూడడానికి జోలార్పేటనుంచి వచ్చింది. తంగమ్మను వెదికి పిలిపించింది ఆమే. మధ్యాహ్నం అమ్మణి పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వెనకాలే వచ్చి నిలబడింది.

"వదినే, దాన్ని దేంట్లో కలపాల?"

"దేన్ని?"

"అదే. మా ఆయన డ్యూటీ దిగితే నేరుగా వాళ్ళక్క ఇంటికే పోతా ఉండాడు. నాతో రెండు మాటలు మాట్లాడి ఆరు నెలలయినాది. మా అన్నను చూడు, కడుపు కోయించుకోని గూడా నిన్ను పోనీలేదు. అట్లాంటి గట్టి మందు నాకొక రవ్వ ఇయ్యి."

అమ్మణి తడి చీరను దండెం మీద సాపు చేసింది. "ఇస్తాను. ముందు పోయి, వదిన మందు పెట్టలేదని మీ అమ్మతో చెప్పిరా."

పుష్పవతి చాలాసేపు ఆలోచించింది. "అట్లా చెబితే నీ దగ్గర మందు లేదనేగా. లేని మందు నాకు యాడినుంచి తెచ్చిస్తావు?"

"లేదు గనకనే లేదంటా ఉండాను."

"పోనీ, సగమన్నా ఇయ్యి వదినే," అంది పుష్పవతి. ఆమె కండ్లలో నీళ్ళు నిజంగానే తిరిగాయి.

అమ్మణి ఆమెను ఎగాదిగా చూసింది. తను తప్పు చేయలేదని తేలితే ఈ ఇంట్లో ఒక్కరికీ లాభం లేదు. ఎవరికీ అక్కరలేని నిజాన్ని ఎన్నాళ్ళని మోసుకు తిరగడం?

లోపలికి వెళ్ళి చిన్నమణికి జడ వేసి, గౌను మార్చింది. పెట్టె సర్దుకుని వరండాలోకి వచ్చింది.

"బిడ్డను తీసుకోని మేల్పాడికి పోతా ఉండాను అత్తా," అంది. "ఆపేవాళ్ళు ఉంటే చెప్పండి, ఆగతాను. ఆగితే ఈ పూట నుంచే వంట నాదే. ముందు తినేది మాత్రం నేను కాదు."

సరసమ్మ చిన్నమణి మీదికి చాచిన చేతిని మెల్లగా ఒళ్ళోకి లాక్కుంది.

పద్మనాభన్ కుట్లు నొప్పి పెడుతున్నా పెట్టె తనే ఎత్తుకుపోయి జట్కాలో పెట్టాడు. బిడ్డను ఎక్కించి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఎదురింటి అరుగు మీది ఆడవాళ్ళు అది చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"డాక్టరు నాలుగే తీసినాడంట," అంది ఒకామె. "ఇంగొకటి లోపలే ఉండిపోయినాది, చూడు."