పడమటి గోడకు కిటికీ

నేను ఒక కిటికీ చట్రాన్ని. టేకు కర్ర, రెండు రెక్కలు, ఐదు ఇనప చువ్వలు. నన్ను చేసిన వడ్రంగి నా మూలలు కుదరగానే నిలబెట్టి, ఆ ఖాళీలోంచి పెరట్లో ఉన్న భార్యను చూసి నవ్వాడు. నాలోంచి ఒకరు మరొకరిని చూడటం అదే మొదలు.

తర్వాత ముప్పై ఏళ్ళు ఒక తపాలా కచేరీలో ఉన్నాను. మనుషులు చిత్రమైనవాళ్ళు. రాదని తెలిసిన ఉత్తరం కోసమే రోజూ వచ్చి నా చువ్వలు పట్టుకునేవారు. ఆ కచేరీ కూల్చేశాక, పాత కలప అడితిలో ఎండకూ వానకూ పడివున్న నన్ను మంగతాయారు కొనుక్కుంది.

ఆమెది గోదావరి పాయ ఒడ్డున ఈతమొక్కల లంక. భర్త వీర్రాజు రేవులో నావ నడిపేవాడు. పదకొండేళ్ళ కిందట గాలివానకు నావ తిరగబడింది. చాలామంది ఒడ్డుకు చేరారు. వీర్రాజు చేరలేదు, శవమూ దొరకలేదు. ఆమె పుస్తెలు తియ్యలేదు.

ఆ ఇంటికి ఏటివైపు ఉన్నది పడమటి గోడ. కిటికీ లేని నిండు గోడ. సాయంత్రం దీపం పెట్టే వేళకు అవతలినుంచి దానిమీద మూడుసార్లు తట్టిన చప్పుడయ్యేది. రేవునుంచి వస్తూ వీర్రాజు అలాగే తట్టి, ఇల్లు చుట్టి వీధి గుమ్మంలోకి వచ్చేవాడట. ఆమె పరుగెత్తుకెళ్ళి చూస్తే గోడ వెనక ఎవరూ ఉండేవారు కాదు. తను చుట్టూ తిరిగి వెళ్ళేలోపే వెళ్ళిపోతున్నాడనుకుని, ఆ గోడకే కిటికీ పెట్టించాలనుకుంది.

నాకు నవ్వొచ్చింది. కానీ నన్ను తెచ్చి గోడకు ఆనించిన సాయంత్రమే ఆ మూడు దెబ్బలూ నా వీపుకు తగిలాయి.

ఇద్దరు తాపీ మేస్త్రీలు సంగతి విని పని వద్దన్నారు. మూడోవాడు నూకరాజు. పక్క లంకవాడే అయినా ఏళ్ళ తరబడి ఆ వీధి తొక్కనివాడు, కబురందగానే వచ్చాడు. కప్పుకింద కర్రలు నిలబెట్టి బరువు ఆపాడు. నా కొలతకు గోడమీద బొగ్గుగీత గీశాడు. ముందు పైన గాడి తొలిచి సిమెంటు దిమ్మె ఎక్కించి, అది కుదురుకునేదాకా ఆగాడు. అప్పుడుగాని కింది ఇటుకలు ఒక్కొక్కటే ఊడదియ్యలేదు. సుత్తి పడినప్పుడల్లా మంగతాయారు ఉలిక్కిపడేది.

ఆఖరి ఇటుక తియ్యగానే ఏటిగాలి ఇంట్లోకి వచ్చింది. ఆమె ఏటికేసి చూసింది. నూకరాజు చూడలేదు. నన్ను ఆ కన్నంలో నిలబెట్టి రసమట్టం పెట్టాడు. అందులో బుడగ మధ్యకు వచ్చి నిలిచినా, తల ఎత్తకుండా దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఒంట్లో బాగోలేదా అని ఆమె అడిగింది.

“ఆ రోజు నావలో నేనున్నానండి,” అన్నాడు. “నాకు ఈత రాదు. ఆయన నా జుట్టు పట్టుకుని లాక్కొచ్చి ఇసకమేట మీద పడేసేరండి. ఎవరో ముసలావిడ కేకలేస్తా ఉంటే మళ్ళీ ఈదుకుంటా వెళ్ళేరు. ఆవిడ్ని అందుకున్నారు. ఇద్దరూ మునిగిపోటం చూశానండి. మీకు చెప్పడానికి నోరు రాలేదు.”

ఆమె కూలిన ఇటుకల మీదే కూర్చుండిపోయింది.

“ఇన్నేళ్ళూ నన్నీ గోడకి కాపలా పెట్టేవయ్యా,” అంది.

అతను నా చుట్టూ సిమెంటు కూరి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం చప్పుడు రాలేదు. మర్నాడూ రాలేదు. నేనూ చెవులు రిక్కించుకునే ఉన్నాను. మంగతాయారు పుస్తెలు తీసి డబ్బాలో పెట్టింది. అన్నం సహించేది కాదు. ఒకనాడు నా చువ్వకు నుదురు ఆనించి, “ఆ చప్పుడన్నా ఉండేది,” అనుకుంది. ఆమెకు మేలు చేశానో కీడు చేశానో నాకు తెలియలేదు.

తొమ్మిదో రోజు, అంచులకు పూత పెట్టడానికి నూకరాజు వచ్చాడు. ఆమె అతన్ని నా దగ్గరకు పిలిచి, వీర్రాజు మునిగింది ఎక్కడో చూపించమంది. అతను చువ్వల సందున చెయ్యి చాపి చూపించాడు. అక్కడా నీళ్ళు మిగతాచోట్ల పారినట్టే పారుతున్నాయి. వాలుపొద్దు సూటిగా కళ్ళల్లో పడి అతనికి నీళ్ళు కారుతున్నా, చాపిన చెయ్యి దించలేదు, మొహం తిప్పలేదు.

ఆమె ఆ చోటు కేసి చాలాసేపు చూసింది. తర్వాత అతనివైపు తిరిగింది.

“ఎండ నీ కళ్ళల్లో పడతా ఉంది,” అని నా ఎడమ రెక్క మూసింది.