ట్రంకుపెట్టెలో క్లాసు

“సంతకం పెట్టమని చెప్పేదానికి నీకేం నాయినా! ఆ కాయితంలో ఏం రాసుండారో చదివినావా?”

“చదివేదేముండాది? తప్పైపోయింది, మన్నించండని ఉండాది. అంతేగదా! కంపెనీలో నేను దినానికి పదిమార్లు చెప్తుండా ఆ మాట. నా నోరేమన్నా అరిగిపోయిందా?”

మునియాండికీ కూతురు ఇసక్కిసెల్వికీ ఈ వాదన ఆదివారం పొద్దున పళ్లు తోముకునేటప్పుడు మొదలైంది. గంజి గిన్నెల దగ్గరికి వచ్చినా ఆగలేదు. గురువమ్మాళ్ గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. మొగుడి వైపూ కూతురి వైపూ మార్చి మార్చి చూస్తోంది. వారమంతా బాణసంచా కంపెనీలో మందు నింపే చేతులవి. ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో అల్యూమినియం పొడి మెరుస్తూనే ఉంటుంది.

కాలేజీ వాళ్లు పంపిన కాగితం నేల మీద ఉంది. గాలికి ఎగిరిపోకుండా అవ్వ సుబ్బమ్మాళ్ దాని మీద తన వక్కల డబ్బా పెట్టింది. ‘నా సొంత అశ్రద్ధ వల్లనే ఆన్‌లైన్ తరగతులకు హాజరు కాలేదు. పూర్తి బాధ్యత నాదే’ అని తమిళంలో అచ్చు వేసి ఉంది. కింద విద్యార్థిని సంతకం, దాని కింద గార్డియన్ సంతకం. కాలేజీలో చేర్చిన నాడు గార్డియన్‌గా సంతకం పెట్టింది గురువమ్మాళ్. ఇప్పుడూ ఆమే పెట్టాలి. రేపు సాయంత్రంలోగా ఇవ్వకపోతే సెల్వికి పరీక్ష లేదు. బీయస్సీ కెమిస్ట్రీ రెండో ఏడు అక్కడితో సరి.

“సొంత అశ్రద్ధంట!” సెల్వి తల్లి వైపు తిరిగింది. “నువ్వు చెప్పుమా. అది నా అశ్రద్ధా?”

గురువమ్మాళ్ తల వంచుకుంది. క్లాసు నడిచే సెల్లును రోజూ ట్రంకుపెట్టెలో పెట్టింది తనే.

కరోనా రెండో ఏడది. ఏళాయిరంపన్నై ఊరి చుట్టుపక్కల బాణసంచా కంపెనీలు తలుపులు తెరిచాయి. కాలేజీలు తెరవలేదు. మందు నింపడానికి అడ్డం రాని రోగం చదువుకోవడానికి అడ్డం వచ్చింది. పిల్లలు ఇళ్లలో ఉన్నారని తెలిసి ఫోర్‌మన్ నల్లసామి గడపగడపకూ తిరిగాడు. “క్లాసు సెల్లులోనే గదా అక్కా నడుస్తుండాది! సెల్లు ఎత్తుకొని రమ్మను. దాని పాటికి అది, దీని పాటికి ఇది” అన్నాడు. ఏడుగురు కాలేజీ ఆడపిల్లలు తల్లుల వెంట కంపెనీ వ్యాను ఎక్కారు.

అగ్గిపెట్టె, బీడీ, సెల్లు... ఈ మూడూ బాణసంచా కంపెనీ గేటు దాటకూడదు. నిప్పురవ్వంటే అంత భయం. అన్నిటినీ వాచ్‌మన్ దగ్గరుండే రేకు ట్రంకుపెట్టెలో పెట్టి లోపలికి పోవాలి. గురువమ్మాళ్ రోజూ పొద్దున కూతురి చేత క్లాసు తెరిపించి, సెల్లును ఆ పెట్టెలో వెల్లకిలా పడుకోబెట్టేది. బోర్లా పెడితే సారుకు మర్యాదగా ఉండదని ఆమె అభిప్రాయం. పిల్ల లోపల భూచక్రాలు చుడుతుంటే పిల్ల సెల్లు చదువుకుంటోందిలే అనుకుంది. గొంతు వినబడుతోందంటే బడి జరుగుతున్నట్టే కదా! మధ్యాహ్నం గేటు దగ్గరికి వస్తే ట్రంకులోంచి సార్ల గొంతులన్నీ కలిసి తేనెపట్టులా రొద పెట్టేవి. అది వింటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

“అది క్లాసు కాదుమా, రేడియో” అని సెల్వి ఒకసారి చెప్పింది. “నేను విన్నా, వినకపోయినా ఆయన చదువుకుంటా పోతుంటాడు. ల్యాబంటే ఒక వీడియో చూపిస్తాడు. పరీక్షనాళికలో రంగు మారేది నేను ఇంతవరకు కళ్లతో చూళ్లేదు.”

రసాయనం చదివే పిల్ల కాలేజీ ల్యాబు గడప తొక్కలేదు. కంపెనీలో మందు కలిపే గది మాత్రం రోజూ చూసింది.

గుట్టు బయటపెట్టింది వాచ్‌మన్. పాపం, మంచివాడే. ఒకరోజు ట్రంకులోంచి “ఇసక్కిసెల్వి! ఇసక్కిసెల్వి ఉన్నావా?” అని సారు పిలుస్తూనే ఉన్నాడట. వినీ వినీ వాచ్‌మన్‌కు జాలేసింది. మూత తెరిచి, తెర మీద ఏదో నొక్కి, “ఉంది సార్! లోపల చక్రం చుడుతోంది, పిలవనా?” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. మర్నాటి నుంచి అందరూ కెమెరా తెరవాలన్నారు. ఈ ఏడుగురి పేర్ల మీద మాత్రం నల్లటి గడులే కనిపించాయి. వారం తిరిగేసరికి ఏడు ఇళ్లకూ కాగితాలు వచ్చాయి.

ఏడుగురూ తల్లులతో సహా ఊరి బడి వరండాలో కూర్చున్నారు. ఫైనలియర్ సింధుజ మొదట లేచింది.

“పనికి పోయినామని రాద్దాం. ఇండ్లల్లో తినేదానికి లేక పోయినాం. కాలేజీ మూసి, కంపెనీ తెరిచింది మనమా? మన తప్పని ఒక్కరు రాసినా మిగతా వాళ్లందరిదీ తప్పే అవుతాది.”

ఈ మాట నల్లసామి చెవిన పడింది. బండి మీద వచ్చి దిగకుండానే, “ఏం పాపా, లీడరైపోయినావా? కంపెనీ పేరు కాయితంలో ఎక్కిందా, ఈ ఊరికి వ్యాను రాదు. మీ అమ్మలంతా ఇంట్లో కూసొని ఆన్‌లైన్లో కూడు తినొచ్చు” అని నవ్వి వెళ్లిపోయాడు.

అందరూ బస్సెక్కి కోవిల్‌పట్టి పక్కనున్న కాలేజీకి పోతే గేటు తీయలేదు. “ఆఫీసంతా ఆన్‌లైనే. లింకు పంపుతాం, అందులో మాట్లాడుకోండి” అన్నారు. మర్నాడు మళ్లీ అదే వరండాలో అందరూ ఒక సెల్లు చుట్టూ మూగారు. తెర మీద కాలేజీ తరఫున రామచంద్రన్ సారు కనిపించాడు. గురువమ్మాళ్ ముందుకు జరిగి, జీవితంలో ఎన్నడూ మాట్లాడనంతగా మాట్లాడింది. సెల్లు పెట్టెలో పెట్టింది తానేననీ, వెల్లకిలానే పెట్టాననీ, పిల్ల పన్నెండో తరగతిలో ఫస్టు వచ్చిందనీ గొంతు చించుకుని చెప్పింది. పక్కనున్న తల్లులు కూడా అందుకున్నారు. సారు మధ్యమధ్య తల ఊపాడు. చివరికి “సరి, గడువు సోమవారం” అన్నాడు. తెర ఆరిపోయింది.

“విన్నాడుగదా పాపా? తల ఊపినాడే!” అంది గురువమ్మాళ్.

సెల్వి సెల్లును ఒళ్లో పెట్టుకుంది. “మనల్ని మ్యూట్‌లో పెట్టినారుమా. మన మాట ఒకటి కూడా ఆయనకు వినబళ్లేదు. వేరే ఎవరితోనో మాట్లాడి తల ఊపినాడు.”

 మూడు ఇళ్లలో సంతకాలు పెట్టేశారు. వాళ్లను ఏమనగలం? ఆ మూడు ఇళ్లకూ వ్యానే దిక్కు. ఇంకా నలుగురు మిగిలారు.

ఇప్పుడు మునియాండి గంజి గిన్నె పక్కకు నెట్టాడు. “పెద్దోళ్లతో మనకెందుకు? ఒక కయ్యెళుత్తు, ఒక్క సంతకం. పెట్టేస్తే చదువు నిలబడతాది. పెన్ను ఎత్తుకురా.”

“చెయ్యని తప్పు ఒప్పుకొనేది మన ఇంట్లో కొత్తా?” అంది అవ్వ. “మీ అయ్య కాలంలోనూ అంతే.” పెట్టమంటోందో వద్దంటోందో ఎవరికీ తెలియలేదు.

సెల్వి కళ్లు తుడుచుకుని పెన్ను తెచ్చింది. ఆ పిల్ల ముఖం చూడగానే గురువమ్మాళ్‌కు అర్థమైంది. ఇక వాదించదు. ఓడిపోయింది. వక్కల డబ్బా జరిపి కాగితం ముందుకు లాక్కుని, సంతకం పెట్టడానికి వంగింది కూడా.

“ఆగు” అంది గురువమ్మాళ్.

ఒలిచిన వెల్లుల్లి చాటలో వేసింది. కొంగుకు చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. సంతకం పెట్టడం ఆమెకు నేర్పింది సెల్వే, పలక మీద, తన అయిదో తరగతిలో. ఒక్కో అక్షరం దిద్దించింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవిక లోపల దోపుకుంది.

“రేపు నేను వ్యాను ఎక్కను” అంది మెల్లగా, ఎవరి ముఖమూ చూడకుండా. “కోవిల్‌పట్టి బస్సెక్కుతా. సింధుజ వాళ్లమ్మా, తక్కిన రెండిండ్ల ఆడోళ్లూ వస్తామన్నారు. కాలేజీ గేటు ముందర కూసొంటాం.”

“గేటు తియ్యరు” అన్నాడు మునియాండి.

“తియ్యకపోనీ.”

“పరీక్ష పోతాది. పని పోతాది.”

“పోతాదేమో.” గురువమ్మాళ్ చాట పక్కకు జరిపింది. “సెల్లులో అయితే నా నోరు మూసేదానికి ఒక బటన్ ఉండాది. అక్కడ మూయాలంటే ఎవరైనా బయటికి రావాలగదా.”

 ఆమె లేచి కుండలో మిగిలిన గంజిని నాలుగు గిన్నెల్లోకీ సమంగా వంచింది. సెల్వి చేతిలో పెన్ను ఇంకా మూత తీసే ఉంది. గురువమ్మాళ్ అది తీసుకుని, మూత పెట్టి, గోడ గూట్లో పెట్టింది.