తల్లి వైపు నుంచి వచ్చినదాన్ని

నేను ఒక మైటోకాండ్రియాను. తిన్న తిండిని శక్తిగా మార్చి కణాన్ని బతికించడం నా పని. వేళ వచ్చినప్పుడు ఆ కణాన్ని చంపడమూ నా పనేనని చాలామందికి తెలియదు.

మేం బిడ్డకు తల్లి నుంచే వస్తాం. తునిలో బోర్డులు రాసే సత్తిబాబుకు అతని తల్లి అచ్చియ్యమ్మ నుంచి వచ్చాం. ఆమె కడుపులో ఉన్నప్పుడు అతని వేళ్లు అతుక్కుని ఉండేవి. మధ్యనున్న కణాలను మావాళ్లు చంపితేనే విడివడ్డాయి. ఆ వేళ్లతోనే అతను కుంచె పట్టాడు. చావంటే అంత భయపడే మనుషుల రూపం దిద్దింది కొంతవరకు ఆ చావే.

నా చోటు అతని కుడికంట్లో, చూపును మెదడుకు చేర్చే ఒక కణం. పుట్టుకతోనే మాలో ఒక లోపం ఉంది. అచ్చియ్యమ్మలోనూ ఉంది గాని ఆమెనేమీ చేయలేదు. సత్తిబాబుకు ఇరవయ్యారేళ్లప్పుడు, మందుల షాపు బోర్డు రాస్తూ, ఎరుపు వెలిసినట్టుందని డబ్బా వెనక్కి పంపాడు. రంగు బాగానే ఉందన్నాడు రంగుల షాపాయన. నెల తిరక్కుండా ఎడమకంటి చూపు నడిమధ్యన ఆరిపోయింది. తర్వాత కుడికన్ను. నొప్పి మాత్రం లేదు.

విశాఖపట్నంలో డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. కంటి కణాలు తమంతట తామే చచ్చిపోతున్నాయని, లోపం తల్లి వైపు నుంచి వచ్చిందని, ఆపే మందు తన దగ్గర లేదని. ఇంటికొచ్చాక అచ్చియ్యమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు పొద్దున్న సత్తిబాబు తడుముకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుని, ముఖం పక్కకు తిప్పాడు.

"నా మొకం చూడబుద్ధి కావట్లేదేటి నాన్నా? నా వల్లే గదా," అందామె.

"కాదమ్మా. తిన్నగా చూస్తే నువ్వు కనబడవు. ఇలా తిరిగితే ఓ పక్కన కొంచెం కనబడతన్నావు. కదలకుండా కూకో."

ఆమె కదల్లేదు. ఏడుపు కూడా ఆపుకుంది.

చూపు అంచుల్లో మిగిలిన కొద్ది కణాల్లో నాదొకటి. అప్పటికే నా గోడ చిట్లుతోంది. లోపల దాచి ఉంచవలసిన పదార్థం బయటికి జారితే చాలు, కణం తనను తాను ముక్కలు చేసుకుంటుంది. ఇరుగుపొరుగు కణాలు ఆ తునకలను మింగి చోటు శుభ్రం చేస్తాయి.

ఆమె ముఖం అతని మెదడుకు చేరేదాకా శక్తి అందించాను. ఆ తర్వాత నావల్ల కాలేదు.