మూసిన సొరుగుల పరీక్ష

నేను చేసిన బీరువా ఇంతవరకు ఒక్కటి కూడా పడలేదు. ఒకసారి ఒక ఏనుగు వీపు దురద ఆగక నా బీరువాకు ఆనుకుని గంటసేపు గోక్కుంది. ఏనుగు చర్మం అరిగింది గానీ, బీరువా అంగుళం కూడా జరగలేదు. నలభై ఏళ్లు చెక్కపని చేసిన మేస్త్రిని. ఆ మాత్రం చెప్పుకునే హక్కు నాకుందని పాఠకులు ఒప్పుకోవాలి.

మా వర్క్‌షాపులో ఒక ఆచారం ఉండేది. కొనేవాళ్లు రాగానే మేస్త్రి బీరువా నెత్తిన అరచేత్తో ఒకటి చరిచి, పక్కనుంచి భుజంతో గట్టిగా నెట్టి, "చూశారా, కొండ!" అనాలి. నా గురువు అలాగే చేసేవాడు, నేనూ అలాగే చేశాను, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లూ అలాగే చేసేవాళ్లు. ఆ పరీక్ష చేసేటప్పుడు సొరుగులన్నీ మూసి ఉండేవి. తెరిస్తే లోపలి రంపపు పొట్టు కనిపిస్తుందని మూసేవాళ్లం. మూసినప్పుడు నిలబడ్డది తెరిచినప్పుడూ నిలబడుతుందా అని ఎవరూ అడగలేదు. అడగాలని మాకూ తట్టలేదు.

మా అమ్మాయి వాళ్లు అద్దెకుండేది మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో. ఆ గదులెంత ఇరుకంటే, ఒళ్లు విరుచుకోవాలంటే వంతులు వేసుకోవాలి. అందుకని సన్నగా, పొడుగ్గా, ఐదు సొరుగుల బీరువా ఒకటి చేసి ఇచ్చాను. అమ్మాయి అడిగిందని గోడకు పట్టీ వేసి బిగించబోతే ఇంటి ఓనరమ్మ గుమ్మంలో నిలబడి, "గోడకు చిల్లు పడిందంటే మర్నాడే సామాను సర్దుకోండి" అంది.

"నా బీరువాకు పట్టీ ఏంటండీ, వస్తాదుకు చేతికర్ర ఇచ్చినట్టు!" అని నేనూ నవ్వేసి, పట్టీని జేబులో వేసుకుని వచ్చేశాను.

మా మనవరాలికి అప్పుడు రెండున్నరేళ్లు. గండుచీమ అని పిలిచేవాళ్లం. నిలువుగా ఏది కనిపించినా ఎక్కాల్సిందే. ఒక మధ్యాహ్నం అమ్మాయి పక్కగదిలో కుట్టుమిషను ముందు కూర్చుంది. బీరువా మీద టార్చిలైటు ఉంది. గండుచీమకు అది కావాలి. అడుగు సొరుగు లాగి అందులో నిలబడింది. రెండోది లాగింది, మూడోది లాగింది. మనకు అవి సొరుగులు, ఆమెకు మెట్లు. మూడో మెట్టు పట్టుకుని వేలాడేసరికి నా కొండ ముందుకు ఒరిగింది.

ఎదురుగా మంచం ఉంది. బీరువా నెత్తి మంచం అంచుకు తగిలి అక్కడే ఆగింది. దాని కింద మిగిలిన కాస్త ఖాళీలో పిల్ల ఉంది. చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన అమ్మాయి ఆ ఖాళీలోంచే పిల్లని బయటికి లాగింది.

పిల్లకు మణికట్టు విరిగింది. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి కట్టు కడుతున్నారు. అల్లుడికి భయమంతా కోపమై కూర్చుంది. "ఏంటే ఈ కోతిచేష్టలు! పైకెక్కొద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అంటున్నాడు.

నర్సమ్మ తలెత్తలేదు. "ఈ వయసులో మెట్టు కనిపిస్తే ఎక్కక ఏం చేస్తారు సార్? ఈ రెండు నెలల్లో మా దగ్గరికి ఇది మూడోది. మిగతా రెండిళ్లలో ఎదురుగా మంచం లేదు" అంది.

ఆ పిల్లలు ఎలా ఉన్నారని మాలో ఎవ్వరం అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

వారం తిరక్కుండానే అమ్మాయి వినియోగదారుల భద్రత ఆఫీసు నుంచి ఫిర్యాదు కాగితం తెచ్చి నా ముందే నింపడం మొదలుపెట్టింది.

"నాన్నా, తయారు చేసినవారి పేరు అని ఒక గడి ఉంది. నీ పేరు రాయనా, వర్క్‌షాపు పేరు రాయనా?"

"కన్నతండ్రి మీద ఫిర్యాదా తల్లీ?"

"నీ మీద కాదు, నీ బీరువా మీద. నీ మీదే రాయాలంటే నా పెళ్లిలో నువ్వు పాడిన పాట చాలు."

"బీరువా మంచిదేనమ్మా. పిల్లని కాస్త కనిపెట్టుకుని ఉంటే..." అన్నాను. అనకుండా ఉండాల్సింది.

అమ్మాయి కలం కింద పెట్టింది. "పొద్దున లేచింది మొదలు కనిపెట్టుకునే ఉన్నాను నాన్నా. అప్పుడు నేను కుట్టింది ఒక్క జేబు. ఒక్క జేబు కుట్టేంతసేపు నిలబడలేదు నీ కొండ."

వాదన అక్కడితో వదిలేశాను. నన్నెరిగినవాళ్లకు అది ఎంత అరుదో తెలుసు. కలం తీసి ఆమె చేతికిచ్చి, "నా పేరే రాయి" అన్నాను. ఇక ఏనుగు సంగతి అంటారా, దాన్ని మీరు ముందే నమ్మలేదని నాకు తెలుసు.

ఆ ఆఫీసువాళ్లు అప్పటికే ఒక నిబంధన తేవాలని చూస్తున్నారు. సొరుగులన్నీ తెరిచి, ఒక సొరుగుకు పసిపిల్లంత బరువు వేలాడదీసినా బీరువా పడకూడదు. ప్రతి బీరువాతో గోడకు బిగించే పట్టీ ఇవ్వాలి. పరీక్షలో పడినదాన్ని అమ్మకూడదు. మా తయారీదారుల సంఘం దీనికి ససేమిరా అంది. నిబంధన మీద ఆ ఆఫీసులో జరిగే విచారణకు ముందురోజు సంఘం ప్రెసిడెంటు మా ఇంటికొచ్చి, "మేస్త్రీ, అందరిలోకీ పెద్దవాడివి. రేపు ఆఫీసర్ల ముందు నీ భుజం పరీక్ష ఒక్కటి చేసి చూపించు, చాలు. వాళ్ల నోరు మూతపడుతుంది" అన్నాడు. సరేనన్నాను. అమ్మాయి ఇంటి బీరువానే మోయించుకుని వెళ్లాను.

నిండుసభలో దాని నెత్తిన చరిచాను. భుజంతో నెట్టాను. కదలలేదు. ప్రెసిడెంటు మీసం దువ్వుకున్నాడు. తర్వాత ఐదు సొరుగులూ ఒక్కొక్కటే బయటికి లాగాను. సరిగ్గా గండుచీమంత బరువున్న ఇసుక సంచి ఒకటి అమ్మాయి చేత కుట్టించి తెచ్చాను. దాన్ని మూడో సొరుగుకు తగిలించి పక్కకు తప్పుకున్నాను. నలభై ఏళ్లలో నేను ఏ ఆఫీసరుకూ వంగి దండం పెట్టలేదు. నా బీరువా ఏకంగా సాష్టాంగపడింది.

"మేస్త్రీ! నువ్వు మన వైపా, వాళ్ల వైపా?" అని ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు.

"ఇన్నాళ్లూ బీరువా పక్కన నిలబడ్డాను ప్రెసిడెంటుగారూ. మా మనవరాలు నిలబడింది దాని ముందు."

"పిల్లల్ని చూసుకోవాల్సింది తల్లులయ్యా! దానికి మనమేం చేస్తాం?"

పెద్ద ఆఫీసరమ్మ ఆయన్ని కూర్చోమని సైగ చేసి నన్నడిగింది. "ఇది పడకుండా చెయ్యగలరా మేస్త్రిగారూ?"

"ఆ, ఎందుకు చెయ్యలేను? అడుగు భాగం నాలుగు వేళ్లు వెడల్పు చేసి, వీపు వైపు బరువు చెక్క వేస్తాను. ఒక సొరుగు తెరిస్తే మిగతావి తెరుచుకోకుండా లోపల ఒక కడ్డీ పెడతాను. రెండ్రోజుల పని."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెయ్యలేదు?"

"చెయ్యమని ఎవరూ అనలేదమ్మా."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అందుకే ఈ నిబంధన. ఎక్కొద్దని రెండేళ్ల పిల్లకు ఎంత చెప్పినా అర్థం కాదు. రెప్ప వెయ్యకుండా చూడమని ఏ తల్లికీ చెప్పలేం. పడని బీరువా చెయ్యమని మాత్రం చేసేవాళ్లకు చెప్పగలం. అది చెప్పకపోతే తప్పు మాది. చెప్పాక కూడా చెయ్యకపోతే తప్పు మీది. పిల్లది మాత్రం ఎప్పటికీ కాదు" అంది.

సభంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆఫీసరమ్మ అక్కడికక్కడే నిబంధన మీద సంతకం చేసింది.

ఈ చప్పట్లూ సంతకమూ నేను కల్పించినవి. ఏనుగు పోను, మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. నిజానికి ఆమె ఏదో రాసుకుని, తర్వాతి మనిషిని పిలవమంది. నిబంధన వచ్చేసరికి పద్నాలుగు నెలలైంది. ఆ పద్నాలుగు నెలలూ మావాళ్లు భుజంతో నెట్టి చూపిస్తూ అమ్ముతూనే ఉన్నారు. అప్పుడు అమ్మినవీ, అంతకుముందు నేను అమ్మినవీ ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి. కొత్త నిబంధన పాత బీరువా దగ్గరికి నడిచి రాదు. దాన్ని ఇవాళే గోడకు బిగించాల్సింది మీరే.