పారబోసిన నీళ్లు

సుంకమ్మ తిప్పగానే కుళాయి రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, నీళ్లు చుట్టాలింటికి వెళ్లాయని చెబుతుంది. ఎప్పుడొస్తాయని సుంకమ్మ అడుగుతుంది. చుట్టాలు కదా, అన్నం పెట్టకుండా పంపరు అంటుంది కుళాయి.

సుంకమ్మ దిగులంతా బిందెల గురించే. కుళాయి వచ్చే రోజు ఆ వీధి ఆడవాళ్లంతా చేసే పనే పొద్దున ఆమె కూడా చేసింది. గొట్టంలో గాలి బుస్సుమనగానే, మిగిలిన నీళ్లన్నీ మోరీలో పారబోసి, బిందెలు తళతళా తోమి బోర్లించింది. శుభ్రమైన నీళ్లే, పాపం. పాతవి కావడమే వాటి నేరం.

లోపలి గదిలో కూతురు శిరీష ఇప్పుడే ఆడపిల్లను కన్నది. పిల్ల కళ్లు తెరిచి అందరినీ చూస్తోంది గానీ ఏడవడం లేదు.

"నీళ్లు తగిల్తేనే ఏడ్సేది. ఏడిస్తేనే మనకు దక్కేది. బిన్నా తే సుంకమ్మా," అని తొందరపెడుతుంది పురుడు పోసిన ఖాజాబీ.

సుంకమ్మ చెంగు నడుముకు దోపుకుని మోరీలోకి దిగుతుంది. జానెడు మోరీ పక్కకు జరిగి ఆమెకు దారి ఇస్తుంది.

కింద పెద్ద వసారా. ఇన్నేళ్లూ పారబోసిన నీళ్లన్నీ అక్కడ గోడకు ఆనుకుని వరసగా కూర్చున్నాయి. ఆమెను చూసి మొహం తిప్పుకుంటాయి. అలగవూ మరి!

"పాసిపోయినామని పారబోస్తివి గదమ్మా," అంటాయి పొద్దుటి నీళ్లు.

"ల్యా తల్లీ. మూడు దినాలకే పాసిపోతారా మీరు?"

"మరెందుకు పారబోస్తివి?"

"మాయమ్మ పారబోస్తాండె," అంటుంది సుంకమ్మ.

"ఆయమ్మ పారబోసిన నీళ్లు ఆ మూల ఉండాయి. పలకరించు పో."

మూలన ఉన్న నీళ్లు ముడుచుకుపోయి, చూపు ఆనక, సుంకమ్మ చెయ్యి తడిమి చూస్తాయి.

"నా కూతురి బిడ్డ ఇంకా ఏడవలే, అవ్వా. నా మీద కోపం పసిదాని మీద సూపొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా."

"నాకు కాళ్లు యాడుండాయి? ఎత్తుకో."

సుంకమ్మ ఆ నీళ్లను చంకనెత్తుకుని ఇంట్లోకి వస్తుంది. ఖాజాబీ కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను పడుకోబెడుతుంది. నీళ్లు సుంకమ్మ చంక దిగి, బిడ్డ తల మీదుగా మెల్లగా జారతాయి. బిడ్డ కేరుమంటుంది. సుంకమ్మ నోట్లో కొంగు కుక్కుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంది.

ఖాజాబీ అలవాటు కొద్దీ ఆ నీళ్లను పాదంతో మోరీ వైపు తోస్తుంది.

"అక్కా! ఆగు!" సుంకమ్మ అడ్డంగా కూలబడుతుంది. నీళ్లు గచ్చు మీద గజగజా వణుకుతున్నాయి.

"ఇట్లియ్యిమా," అంటుంది శిరీష మంచం మీంచి.

ఆమె ఒక పక్క బిడ్డకు పాలిస్తుంది. రెండో పక్కకు నీళ్లను ఎత్తుకుని, వాటి తల కింద మోచెయ్యి పెట్టి, కొంగు కప్పుతుంది. బిడ్డ కడుపు నిండి కళ్లు మూస్తుంది. నీళ్లు ఇంకా గుటకలేస్తూనే ఉన్నాయి.